మూసే హక్కు ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరుంది. వానాకాలం వెళ్లే రోజుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చింతచెట్ల మీదికి చేరతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. మనం అలవాటు కొద్దీ వాటిని సైబీరియా పక్షులు అంటుంటాం గానీ గూడబాతు దక్షిణాసియా పక్షే. మన చెరువుల చేపలు తిని, మన చెట్ల మీద పెరిగేదే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు చెట్ల కింద నేలంతా రెట్టతో తెల్లబడి ఉంది. చేపల వాసన ముక్కుపుటాలకు పట్టేసింది. తల్లి గూడబాతు వచ్చి కొమ్మ మీద వాలిందో లేదో, పిల్ల తన తలంతా తల్లి నోటి సంచిలోకి దూర్చేసింది. ఆశ్చర్యం పట్టలేక దూరంగా ఉన్న స్నేహితుణ్ని గట్టిగా పిలిచాను. పక్కింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ముసలమ్మ తలెత్తి, ‘ఆడపిల్లలు పురిటికొచ్చినారు బాబూ, నెమ్మదిగా మాటాడు’ అంది. మళ్లీ తల దించి పనిలో పడింది.

ఆ మాటలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. తన ఇంటి సంగతి తాను చెప్పింది, నేను గొంతు తగ్గించాను. పర్యావరణ పర్యాటకం గురించి ఆ తర్వాత చాలా చదివాను, చాలా చోట్ల తిరిగాను. ఎక్కడికి వెళ్లినా నాకు ముందు గుర్తొచ్చే ప్రశ్న ఆ అరుగు మీద పుట్టిందే. వచ్చినవాడిని ‘ఆగు’ అనగలిగిన మనిషి ఇక్కడ ఉన్నారా? ఉంటే, ఆ మాట చెల్లుతుందా?

ఈ రంగానికి పేరు పెట్టిన ఘనత ఎక్కువగా హెక్టర్ సెబాయోస్ లాస్కురైన్ అనే మెక్సికో ఆర్కిటెక్టుకు ఇస్తారు. 1983లో యుకటాన్ తీరంలోని చిత్తడి నేలల్ని కాపాడాలని ఆయన పోరాడాడు. ఫ్లెమింగోలు బతికే ఆ నేలల్ని పూడ్చి కట్టే కట్టడాల కంటే, వాటిని చూడ్డానికి వచ్చే యాత్రికుల వల్లే ఆ ప్రాంతానికి ఎక్కువ మేలని వాదిస్తూ ‘ఎకోటూరిజం’ అన్న మాట వాడాడు. 1990లో ఏర్పడిన అంతర్జాతీయ ఎకోటూరిజం సొసైటీ దానికి నిర్వచనం ఇచ్చింది. ప్రకృతి సహజంగా ఉన్న చోట్లకు బాధ్యతగా వెళ్లడం, ఆ చోటును కాపాడటం, అక్కడివాళ్ల బతుకు బాగుపడేలా చూడటం, ఈ మూడూ కలిస్తేనే ఎకోటూరిజం అంది. 2015లో తెలుసుకోవడం, తెలియజెప్పడం కూడా అందులో చేర్చింది. ఐక్యరాజ్యసమితి 2002ను అంతర్జాతీయ ఎకోటూరిజం సంవత్సరంగా జరిపింది. అప్పటి నుంచి ఆ మాట ప్రతి రాష్ట్ర బడ్జెట్లోకి, ప్రతి రిసార్టు బోర్డు మీదికి ఎక్కింది.

ఫ్లెమింగోల కోసం పుట్టిన మాట ఫ్లెమింగోలున్న మన పులికాట్‌కూ వచ్చింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు మీద నిలబడితే రెండు వైపులా గులాబీ గీతలా బారులు తీరిన పక్షులు కనిపిస్తాయి. దగ్గర్లోని నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు తరాలుగా నమ్ముతున్నారు. పక్షిని కాపాడింది ఆ నమ్మకమే. 1976లో అభయారణ్యం అని ప్రకటన వచ్చేనాటికి ఊరు ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. మధ్యలో కొన్నేళ్లు ఆగిన ఫ్లెమింగో పండగను 2025 జనవరిలో మళ్లీ జరిపారు. పిల్లలు బస్సుల్లో వచ్చి పక్షుల్ని చూడటం మంచిదే. కానీ సముద్రం నీరు లోపలికి రానిచ్చే ముఖద్వారాలు పూడిపోతుంటే సరస్సు లోతు తగ్గిపోతుంది, చేప తగ్గుతుంది, జాలరి వలసపోతాడు, పక్షీ అంతే. పండగకు వేసిన స్టేజీ చూసి సరస్సు బాగుందనుకోకూడదు. ముఖద్వారం తెరిచి ఉందా అని చూడాలి.

కొండల్లోకి వస్తే విషయం చిక్కబడుతుంది. మారేడుమిల్లి అడవిలో ఇరవై ఏళ్ల కిందట అటవీశాఖ వనసంరక్షణ సమితుల చేత పర్యాటకం నడిపించే పని మొదలుపెట్టింది. వలమూరు దగ్గర ఏటి పక్కన జంగిల్ స్టార్ క్యాంపు అలా వచ్చిందే. వంట, కాపలా, దారి చూపడం కొండరెడ్డి యువకుల చేతుల్లో పెట్టారు. పోడు, వెదురు, అడవి సరుకు తప్ప నగదు ఎరగని గూడేలకు నెల జీతం లాంటిది ఒకటి దొరికింది. ఆలోచన సరైనదే. ఆ తర్వాత సినిమా షూటింగులు వచ్చాయి, రీల్స్ వచ్చాయి, సెలవురోజుల్లో ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరడం మొదలైంది.

బొంగులో చికెన్ తీసుకోండి. పచ్చి వెదురును కణుపు దగ్గర కోసి, ఉప్పూ కారమూ పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె పెద్దగా అక్కర్లేదు. వెదురు లోపలి తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగు పైన నల్లగా మాడి, చీలిస్తే లోపల తెల్లగా ఉంటుంది. అడ్డాకులో పెట్టి ఇస్తారు. బొంగు వాళ్ల కొండది, ఆకు వాళ్ల అడవిది, పనితనం వాళ్లది. ఆ రోడ్డు పక్క పొయ్యి దగ్గర ఇచ్చిన డబ్బు ఆ గూడెంలోనే తిరుగుతుంది. అదే వంట మైదానం నుంచి వచ్చిన హోటల్ వాడు చేస్తే గిరిజనుడికి మిగిలేది వెదురు నరికిన కూలీ మాత్రమే. పచ్చి బొంగు ఒక్కసారికే పనికొస్తుంది కాబట్టి జనం పదింతలైతే వెదురు పొదలూ పదింతలు నరకాలి. ఏ పొద నుంచి ఎంత కోయాలో, ఎప్పుడు వదిలెయ్యాలో తెలిసినవాళ్లు గూడెంవాళ్లే. ఆ లెక్క పెట్టే అధికారమూ వాళ్లదే కావాలి.

ఈ విషయంలో తెలుగు ఏజెన్సీకి చాలా చోట్ల లేని బలం ఒకటి ఉంది. భూబదలాయింపు నిబంధన, అంటే జనం నోట 1/70 చట్టం, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను ప్రభుత్వ భూములకు, గనుల లీజులకు కూడా వర్తింపజేసింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు అధికారాలిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల మీద హక్కు రాసిచ్చింది. ఇన్ని కాగితాలున్నా అరకు, లంబసింగి, వంజంగి దారుల్లో గిరిజనుడి పేరు మీద పట్టా, మైదానం వాడి పెట్టుబడి అన్న పద్ధతిలో టెంట్లూ గదులూ లేచాయని ఆ ప్రాంతంలో తిరిగే ఎవరైనా చెబుతారు. భూమి సొంతదారు అక్కడే వాచ్‌మన్‌గా పనిచేస్తుంటే దాన్ని ఎకో రిసార్టు అనడానికి నాకు మనసొప్పదు. గది అద్దెకు తీసుకునే ముందు యజమాని ఎవరని అడగడం మర్యాద తప్పడం కాదు. ఏజెన్సీలో అది చట్టం గురించిన ప్రశ్న.

వంజంగి కొండ మీది మేఘాల సముద్రాన్ని పదేళ్ల కిందట పాడేరు చుట్టుపక్కల వాళ్లు తప్ప పెద్దగా ఎవరూ చూసి ఉండరు. ఫోన్లలో ఫోటోలు తిరిగాయి, ఇప్పుడు శీతాకాలం సెలవుల్లో చీకట్లోనే వేలమంది ఎక్కుతున్నారు. ఒక చోటు ఎంతమందిని మోయగలదు అన్న లెక్క మన దగ్గర రోడ్డు వేసేటప్పుడు వేయరు. జనం ఇరుక్కున్నాక వేస్తారు. ఈ లెక్క వేసిన చోట్ల ఏం జరిగిందో చూడటం మంచిది.

మన వాళ్లు వేసవి రాగానే పరుగెత్తే ఊటీ, కొడైకెనాల్ ఉన్నాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి అక్కడికి ఈ-పాస్ తప్పనిసరైంది. 2025 వేసవికి లెక్క కూడా కట్టారు. నీలగిరుల్లోకి మామూలు రోజుల్లో 6,000 వాహనాలు, శని ఆదివారాల్లో 8,000. కొడైకెనాల్‌కు 4,000, 6,000. వ్యాపారులు నిరసన తెలిపారు, వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ మంచినీళ్లు చాలక, అంబులెన్సుకు దారి లేక కొండ మీద ఊళ్లు పడుతున్న అవస్థ కూడా నిజమే. నీలగిరుల్లో మద్యం సీసా మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది వెనక్కి ఇచ్చే పద్ధతి కూడా 2022లో పెట్టారు. ఏనుగు పాదంలో గాజుముక్క దిగితే ఆ పుండుతోనే అది చచ్చిపోవచ్చు. పది రూపాయల ఆశ ఆ సీసాను అడవిలో పడకుండా ఆపుతోంది. మన ఏజెన్సీ మండలాల్లోనూ ఇది రేపే మొదలుపెట్టగలిగిన పని.

థాయ్‌లాండ్‌లో మాయా బే అనే చిన్న అఖాతం ఉంది. 2000లో వచ్చిన ‘ది బీచ్’ సినిమా దాన్ని ప్రపంచానికి చూపించింది. రోజుకు ఐదువేల మంది వరకూ దిగేవాళ్లు. పడవల లంగర్లకు, కాళ్లు రేపిన ఇసుకకు పగడాలు నాశనమయ్యాయి. 2018 జూన్‌లో పూర్తిగా మూసేశారు. నాలుగు నెలలన్నది మూడేళ్లు దాటింది. 2022 జనవరిలో తెరిచేనాటికి నల్లరెక్క సొరచేపలు లోతులేని నీళ్లలోకి తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు ఒడ్డుకు రానివ్వరు, ఏటా రెండు నెలలు మూస్తారు. ఈక్వెడార్ గలాపగోస్ దీవుల్లో అయితే లైసెన్సున్న గైడు లేనిదే జాతీయ పార్కులోని సందర్శన స్థలాల్లో కాలు పెట్టనివ్వరు. 2024 ఆగస్టు నుంచి విదేశీయుల ప్రవేశ రుసుము నూరు డాలర్ల నుంచి రెండువందలకు పెంచారు. భూటాన్ రోజుకు 65 డాలర్లున్న రుసుమును 2022లో 200కు పెంచి, జనం రాక పడిపోవడంతో మరుసటి ఏడు నూరుకు దించింది. ధర పెంచి జనాన్ని ఆపడం తేలికే. కానీ అప్పుడు అడవి డబ్బున్నవాడి పెరడైపోతుంది. హైదరాబాద్‌లో ఆటో నడిపే మనిషి తన పిల్లలకు కుంటాల జలపాతం చూపించలేని రోజు రాకూడదు. అందుకే నాకు ధర కంటే సంఖ్యకు హద్దు పెట్టడమే న్యాయంగా కనిపిస్తుంది. ముందు నమోదు చేసుకున్నవాడికి ముందు చోటు, ధనికుడైనా పేదైనా.

పులుల అడవి దగ్గర ఈ చర్చ ఇంకా పదునెక్కుతుంది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపేసింది. అదే ఏడాది అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చాక మళ్లీ అనుమతించింది. కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదన్నది వాటిలో ముఖ్యమైంది. నిషేధం మంచిదని వాదించినవాళ్లున్నారు. జీపులు ఆగిపోతే వేటగాళ్లకు అడ్డు ఉండదని వాదించినవాళ్లూ ఉన్నారు. రెండో వాదనలో నిజముంది. మనుషుల కళ్లు పడని అడవిలో ఏం జరిగినా బయటికి రాదు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట బయటికొచ్చినప్పుడు చెంచు గూడేలైన పెంటల నుంచి హైదరాబాద్ కాలేజీల దాకా గొంతులు లేచాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. ఆ గొంతుల్లో ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడి ఆ లోయను కళ్లారా చూసినవాళ్లవీ ఉన్నాయి. చూసిన అడవి కోసం మనిషి మాట్లాడతాడు. పర్యాటకానికి అనుకూలంగా నాకు తెలిసిన అతి బలమైన వాదన ఇదే.

కానీ అదే నల్లమలలో ఒక గాయం ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ అవతల ఆంధ్ర వైపున్న నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. ఈ రెండూ చెంచుల ఇల్లు. పులి కోసం కోర్ ప్రాంతంలోని ఊళ్లు కదలాలి, కుటుంబానికి 15 లక్షలు తీసుకోండి అన్నది ప్యాకేజీ. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ దేశమంతటా కోర్ ప్రాంతాల్లో ఇంకా ఉన్న 591 ఊళ్ల తరలింపును త్వరపెట్టమని రాష్ట్రాలకు రాసింది. తేనె తీసి, గడ్డలు తవ్వి, పులి అడుగు చూసి ఏ వేళకు నడిచిందో చెప్పగల మనిషి అడవికి బరువట. రెండు గంటల సఫారీకి వచ్చి వెళ్లే జీపు బరువు కాదట. చదువు కోసం, ఆసుపత్రి కోసం ఇష్టపడి బయటికొచ్చే చెంచు కుటుంబాన్ని ఎవరూ ఆపకూడదు. ఇష్టం లేని కుటుంబాన్ని పంపేసి, ఆ దారిలోనే టికెట్ అమ్మడం మాత్రం తప్పు. నేను దీన్ని మెత్తగా చెప్పలేను.

వేరే దారి లేదా అంటే ఉంది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లో పులుల అభయారణ్యంలోనే సామూహిక అటవీ హక్కు పత్రాలు ఇచ్చారు. వాళ్లు వెళ్లిపోలేదు, అక్కడ పులీ పోలేదు. కేరళ పెరియార్‌లో 1990ల చివర జరిగింది ఇంకా ఆశ్చర్యం. అడవి దాల్చిన చెట్ల బెరడు దొంగిలించి బతికే ముఠాను అటవీశాఖ పిలిచి కూర్చోబెట్టింది. వాళ్లు దొంగతనం మానేసి ఎకో డెవలప్‌మెంట్ కమిటీగా మారారు. ఏ దారిన దొంగలుగా నడిచారో ఆ దారుల్లోనే యాత్రికులను నడిపిస్తూ, వేటగాళ్ల జాడ కనిపెట్టే గస్తీ కూడా తిరిగారు. కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు వసంతసేన పేరుతో జీతం లేకుండా అడవి కాపలాకు దిగారు. మనకు దగ్గరగా ఒడిశా చిలికా ఒడ్డున మంగళాజోడిలో పక్షులను వలల్లో పట్టి, విషం పెట్టి అమ్మినవాళ్లే ఈరోజు పడవ నడిపి పక్షుల పేర్లు చెబుతున్నారు. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరి పర్యాటక ప్రయత్నానికి పురస్కారం ఇచ్చింది. ఈ మూడు చోట్లా అడవినో నీటినో ఎరిగిన మనిషిని పంపేయలేదు. తాళం అతని చేతికిచ్చారు.

మన నల్లమలలోని బైర్లూటి, తుమ్మలబైలు, పచ్చర్ల క్యాంపుల్లో, మన్ననూరు సఫారీలో చెంచు యువకులు గైడ్లుగా పనిచేస్తున్నారు. ఇది మంచి మొదలు. జీతం ఇవ్వడం ఒక మెట్టు. ఏ దారిలో జీపు తిరగాలి, ఎన్ని తిరగాలి, ఎప్పుడు ఆపాలి అన్న చోట వాళ్ల మాట చెల్లడం రెండో మెట్టు. ఆ రెండో మెట్టు మనం ఇంకా ఎక్కలేదు.

ఇక మనం అడవికి మోసుకెళ్లేవాటి గురించి. నిరుడు వానాకాలం ఏజెన్సీలో ఒక వాగులో కాళ్లు తడుపుకుంటుంటే అరికాలికి చురుక్కుమంది. గోధుమరంగు సీసా పెంకు. నాతో వచ్చిన గైడు కుర్రాడు కాలు తన మోకాలి మీద పెట్టుకుని పెంకు పెకలించి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు. తర్వాత మూలన ఉన్న గోనెసంచి తెచ్చి, నీళ్లలో చెయ్యిపెట్టి వేళ్లతో తడుముతూ పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. ‘ఆదివారం మర్నాడు సగం సంచి వస్తది సార్’ అన్నాడు. అతని వేళ్ల మీద తెల్లటి పాత గాట్లు ఎన్నో ఉన్నాయి. ఆ నీళ్లే కింద గూడెం తాగేది.

శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద కోతులు గుంపులుగా రోడ్డు అంచున కూర్చుని ఉంటాయి. కారు నెమ్మదిస్తే లేచి వస్తాయి. మనం పుణ్యమనుకుని విసిరే అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ వాటికి అడవిలో తిండి వెతకడం మరిపించాయి. వెనక వచ్చే లారీ కింద అవి పడతాయి, తల్లి పొట్టను పట్టుకున్న పిల్లతో సహా. విత్తనాలు మోసుకెళ్లి అడవిలో చల్లాల్సిన జంతువు రోడ్డు పక్క బిచ్చానికి కూర్చుంటే అడవికి కూడా నష్టమే. దయ ఉంటే కారు ఆపకుండా వెళ్లండి. ఆ దారుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేది కూడా రోడ్డు దాటే జంతువుల కోసమే. చెక్‌పోస్టు దగ్గర పలుకుబడి చూపించి గేటు ఎత్తించుకోవడం గొప్ప కాదు.

తెలుగువాళ్లకు అడవి అంటే సగం యాత్రే. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి నాడు లక్షలమంది నల్లమల లోయలోకి దిగుతారు. అహోబిలం, ఇష్టకామేశ్వరి, తిరుమల నడకదారి అన్నీ అడవి గుండానే. పర్యాటకుడికి చెప్పే మాటలు భక్తుడికి చెప్పడానికి మన అధికారులు జంకుతారు. నిజానికి భక్తుడికే తేలిగ్గా చెప్పవచ్చు. గుళ్లోకి చెప్పులతో వెళ్లని మనిషి, అడవి కూడా ఆ దేవుడి ప్రాంగణమే అంటే వింటాడు. పాతకాలం సలేశ్వరం యాత్రికుడు సద్ది మూట గుడ్డలో కట్టుకుని, ఆకులో తిని, ఆకు అక్కడే వదిలితే అది మట్టయ్యేది. ఇవాళ్టి సద్ది ప్లాస్టిక్‌లో ఉంది, తేడా అంతే. అమ్రాబాద్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అటవీశాఖ నిషేధించింది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపగలిగినప్పుడు మిగతా చోట్ల ఆపలేమనడం కుదరదు.

అమెరికాలో ఉండే మన పిల్లలు ఎల్లోస్టోన్ వెళ్తే అడవిదున్నకు 25 గజాలు, ఎలుగుకు 100 గజాలు దూరం పాటిస్తారు, చాక్లెట్ కాగితం కూడా జేబులో పెట్టుకుని తెస్తారు. వాళ్లే సెలవులకు వచ్చి అరకు వెళ్తే తీరు మారుతుంది. మనిషి అదే, మారింది చోటు. అక్కడ హద్దు ఉందని వాళ్లకు తెలుసు, దాటితే అడిగేవాళ్లుంటారని తెలుసు. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని తిట్టుకోవడం కంటే హద్దు గీసి, దాని దగ్గర ఆ ఊరి మనిషిని నిలబెట్టడం మేలు.

హద్దు లేనప్పుడు పోయేది చెట్టూ పక్షీ మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కారు, 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఆరోజు నది వరద మీద ఉంది. ఈ వరదలో వెళ్లొద్దు అనే మాట చెల్లి ఉంటే ఆ కుటుంబాలు ఈరోజు మన మధ్య ఉండేవి.

పేర్ల గురించి కూడా ఒక మాట. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని దాన్ని కొన్నాళ్లు ఆపేసి, సరిచేశాక మళ్లీ ఇచ్చారు. గుర్తింపు ఇచ్చినవాళ్లు తిరిగొచ్చి తనిఖీ చేయడం మంచి పద్ధతి. పక్కనే ఉన్న కొండను మాత్రం పర్యాటకం పేరుతోనే తొలిచారు, ఆ వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 2023లో సవరించిన అటవీ సంరక్షణ చట్టం జూలు, సఫారీలు, ప్రణాళికలో ఉన్న ఎకోటూరిజం కట్టడాలు అటవీయేతర పనుల కిందికి రావంటోంది. అంటే ఆ మాట రాసుకుంటే అడవిలో కట్టడానికి దారి తేలికవుతుంది. కార్బెట్ పులుల అభయారణ్యంలో సఫారీ కోసం చెట్లు కొట్టి, అక్రమ కట్టడాలు లేపిన తీరును 2024 మార్చిలో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఎకో అన్న అక్షరాలు బోర్డు మీద కనిపిస్తే ఊరటపడే కాలం కాదిది.

దూరం కూడా ఒక లెక్కే. ప్రపంచంలో భూతాపాన్ని పెంచే వాయువుల్లో దాదాపు 8 శాతం పర్యాటకానిదేనని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. విమానమెక్కి వెళ్లి ఒక మొక్క నాటి వస్తే ఆ లెక్క సరిపోదు. విశాఖ నుంచి అరకుకు యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ రైలు వెళ్తుంది. కార్లు ఇంట్లో వదిలి ఆ రైలెక్కితే బొర్రా గుహల దగ్గర పార్కింగ్ కోసం ఇంకో చెట్టు కొట్టనక్కర్లేదు. దగ్గరి చోటికి వెళ్లండి, ఎక్కువ రోజులు ఉండండి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు, కైకలూరు దగ్గర ఆటపాక, కాకినాడ కోరంగి మడ అడవులు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, ఇవన్నీ బస్సు దిగి నడిచి చూడగలిగినవే. ఆటపాకలో కొల్లేటి చెట్లు పోతే ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, గూడబాతులు వాటి మీదే కాపురం పెట్టాయి. అది చూస్తే మనం పోగొట్టింది, పక్షి సర్దుకున్నది రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

ఈసారి ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. ఈ చోటు ఎవరిది, నేనిచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది, మీరు ఎప్పుడు మూసేస్తారు. మొదటి రెండింటికి తయారుగా జవాబులు దొరుకుతాయి. మూడోదానికి ‘మాకు సెలవే లేదు సార్, ఏడాది పొడుగునా ఓపెన్’ అని గర్వంగా చెబితే అక్కడికి వెళ్లకండి. గుడ్లు పొదిగే కాలం, వరద కాలం, మంటలు లేచే కాలం లేని అడవి ఎక్కడా లేదు.

నల్లమల సఫారీలు జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉండవు. వానకు దారులు మెత్తబడతాయి, అడవి తన పనిలో తానుంటుంది. ఆ మూడు నెలలు వెళ్లకండి. అక్టోబరు వచ్చాక గేటు దగ్గరున్న చెంచు కుర్రాడు రమ్మంటే వెళ్లండి, నెమ్మదిగా మాట్లాడమంటే మాట్లాడండి.